వేడినీళ్ళ లోయకి గుడ్డపటం

మా యాంగోన్‌లో నీళ్ళకి విలువ లేదు. వానాకాలంలో లైంగ్‌థార్యార్ ఫ్యాక్టరీకి పోయే దారిలో మోకాలి లోతు నీళ్ళు, నది అవతల ట్వంటే దాకా పొలాల నిండా నీళ్ళు, లత టౌన్‌షిప్‌లో మా మేడమెట్ల మీద కారే నీళ్ళు. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగిన దాన్ని, చెట్టు లేని, వాన లేని, పీల్చడానికి గాలి కూడా సరిగ్గా లేని ఎడారికి నీళ్ళ కోసం పోయి వచ్చాను. అదీ సలసల కాగే నీళ్ళ కోసం!

నా పేరు నూకరత్నం. ఫ్యాక్టరీలో మాత్రం మ నూ, అంటే నూ అక్క. బట్టలకి ప్యాటర్న్ గీస్తాను. చొక్కా చెయ్యి ఎంత వంపు తిరగాలి, కుట్టుకి ఎంత గుడ్డ వదలాలి, అన్నీ ముందు కాగితం మీద నేను గీస్తే తర్వాత కత్తెర కదులుతుంది. మా మేనమామ కొడుకు అప్పన్న బరంపురంలో ఉంటాడు, భూగోళం చదివి పటాలు తయారుచేసే పనిలో ఉన్నాడు. ఒక రోజు వీడియో కాల్‌లో, "వదినా, లద్దాఖ్‌లో పుగా అని లోయుంది. నేలలోంచి వేన్నీళ్ళు పొంగతాయి. ఎక్కడ కాలెట్టాలో, ఎక్కడ ఎట్టకూడదో తెలిసీలాగ ఆ లోయోళ్ళు పెద్ద గుడ్డపటం అడుగుతన్నారు. అక్కడ ఫోన్‌కి సిగ్నలుండదు. నాను కొలుస్తాను, నువ్వు గీస్తావేటి?" అన్నాడు.

"ఓలమ్మో, నాను గీయడమా!" అన్నాను. అప్పటికే మనసులో సూట్‌కేసు సర్దేసుకున్నాను.

బర్మా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి అక్కడికి అనుమతి రావాలంటే ఎన్ని మెట్లెక్కాలో రాస్తే ఈ కథ ఢిల్లీ కూడా దాటదు. వచ్చింది. అంతే!

లేహ్: నిలబడితే ఆయాసం

విమానం దిగి నాలుగడుగులు వేశానో లేదో, మా మేడ మెట్లు రెండుసార్లు ఎక్కిదిగినంత ఆయాసం. నాకన్నా ముందే లేహ్ చేరిన అప్పన్న చెప్పాడు, "దిగీసి పడుకో, సీతాకోకసిలకలాగ తిరగకు" అని. నేను వింటానా? బజారుకి పోయాను. కొండలన్నీ గోధుమరంగు, ఆకాశం మాత్రం నీలిమందు పోసినట్టు ఉంది. చూస్తూ చూస్తూ కళ్ళు తిరిగి ఒక ఆప్రికాట్లమ్మే పెద్దావిడ బుట్ట పక్కన కూలబడ్డాను. ఆవిడ కంగారు పడలేదు. ఎండు ఆప్రికాట్లు నాలుగు నా చేతిలో పెట్టి, "జూలే" అంది. నమస్తే అన్నా, థాంక్స్ అన్నా, వెళ్ళొస్తా అన్నా అక్కడ అదే మాట. ఒక్క మాటతో ఊరంతా తిరిగేయొచ్చు, నాలాంటి దానికి అంతకన్నా ఏం కావాలి!

సాయంత్రం తుక్పా తిన్నాను. సేమ్యాల్లాంటి నూడుల్స్‌తో చిక్కటి పులుసు. మా పొద్దుటి మొహింగాకి దూరపు చుట్టం అనిపించింది, కాకపోతే చేప వాసన లేదు, ధర మాత్రం మూడింతలు. టీలో ఉప్పూ వెన్నా వేసి చిలికి ఇచ్చారు. మొదటి గుక్కకి మొహం అటు తిప్పుకున్నాను. మూడో గుక్కకి గిన్నె చాచాను. అయినా నేనెవర్ని ఎంచడానికి? మేం బర్మాలో టీ ఆకుని ఊరబెట్టి నువ్వులూ వెల్లుల్లీ కలిపి తింటాం.

చుమథాంగ్: గుడ్డు మనది, పొయ్యి నేలది

మర్నాడు కాదు, ఆ మర్నాడు కాదు, అప్పన్న నా పెదాల రంగు చూసి సరే అన్నాకే జీపు కదిలింది. దారంతా సింధునది పక్కనే. చిన్నప్పుడు బడిలో పటం మీద నీలి గీతగా చూసిన నది ఇప్పుడు ఆకుపచ్చగా, చలిగా, రాళ్ళని కొడుతూ పోతోంటే గట్టిగా అరిచాను. డ్రైవరు బ్రేకు వేశాడు. ఏమీ లేదు, నది కనిపించిందని చెప్తే నవ్వి మళ్ళీ బండి తీశాడు.

అప్పుడే జరిగింది అసలు ప్రమాదం. ఎత్తుకి పోయేకొద్దీ మూసిన ప్యాకెట్లు బుడగల్లా ఉబ్బుతాయట. నా సంచిలో నప్పి ఉంది, మా వైపు అన్నంలో నంజుకునే ఊరేసిన చేపల ముద్ద. ఢామ్మని పేలింది! అందరూ టైరు పేలిందనుకున్నారు. తర్వాత వాసన వచ్చింది. టైరు పేలినా బాగుండేదని డ్రైవరు మొహంలో కనిపించింది. ఆ చలిలో కిటికీలన్నీ తెరిచి పోవాల్సి వచ్చింది. అప్పన్న మఫ్లర్ ముక్కుకి కట్టుకుని, "వదినా, ఎయిర్‌పోర్టు కాడ నీ సంచి పట్టుకోనోడు ఆ ఉద్యోగానికి పనికిరాడు" అన్నాడు.

చుమథాంగ్‌లో నది ఒడ్డునే వేడినీళ్ళ ఊటలు. ఒక పక్క వేలు పెడితే కొరికే చన్నీళ్ళు, రెండడుగుల ఇవతల రాళ్ళ మధ్య పొగలు. అక్కడి కొట్టాయన పచ్చి గుడ్లు అమ్ముతాడు, గుడ్డు పాతిక రూపాయలు, ఉడకబెట్టుకోవడం మన పని. గుడ్డలో మూటకట్టి గుంటలో దించాను. ఎంతసేపు ఉంచాలో తెలీక నిమిషానికోసారి తీసి ఊపి చూస్తుంటే, "అందులోంచి పిల్లేం రాదు, వదిలెయ్" అన్నాడాయన హిందీలో. నా హిందీ సినిమాల హిందీ, అయినా ఆ మాట అర్థమైంది. ఆ గుడ్డుకి కాస్త గంధకం వాసన. నప్పి తిని పెరిగిన దాన్ని, నాకది లెక్కా? రెండు తిన్నాను.

పుగా: పొగలు కక్కే నేల

మాహే వంతెన దాటి కొండల మధ్యకి మళ్ళితే లోయ విచ్చుకుంది. చెట్టన్నది లేదు. అడుగున సన్నటి ఏరు, దాని ఒడ్డుల్లో రాత్రి పేరుకున్న మంచు ఇంకా కరగలేదు, ఆ మంచు పక్కనుంచే తెల్లటి ఆవిరి లేస్తోంది. నేలంతా మచ్చలు మచ్చలుగా ఉంది: ఒక చోట గడ్డి, ఒక చోట పసుపు, ఎక్కువ భాగం మల్లెపూల తెలుపు. అడవిగాడిదలు దూరం నుంచి మమ్మల్ని చూసి వెనక్కి తిరిగి మేసుకున్నాయి. నేను జీపు దిగి చప్పట్లు కొట్టాను. కొట్టాక పది నిమిషాలు కూర్చోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

మేం దిగింది పద్మ వాళ్ళ గుడారం పక్కన. అవును, పద్మే! మా వీధిలోనే ముగ్గురు పద్మలున్నారు, అంత దూరం పోతే అక్కడా పద్మే. మేకల మందతో పచ్చిక వెంట తిరిగే కుటుంబం. యాక్ వెంట్రుకలతో నేసిన నల్లగుడారం, మధ్యలో పొయ్యి. ఆవిడ భర్త మందలో సగాన్ని తోలుకుని ముందే చలికాలపు మకాంకి పోయాడు. ఇక్కడ మిగిలింది పద్మ, ఆవిడ అత్తగారు. అత్తగారిని అందరూ అబీ-లే అంటారు, అంటే నాయనమ్మగారు.

అబీ-లే మోకాళ్ళు రెండూ బిగుసుకుపోయాయి. ఏటా ఎండాకాలం ఈ లోయకి రాగానే ఆవిడ చేసే మొదటి పని పైగుంటలో మెడదాకా మునిగి కూర్చోవడం. ఆవిరి గట్టని పిలిచే పొగల మిట్ట దాటితే వచ్చే చిన్న మడుగు అది. పోయిన చలికాలంలో నేల కదిలి, పాతదారి కుంగి, దాని మీద కొత్త ఊటలు లేచాయి. ఈ ఏడు ఒక్కసారి కూడా ఆవిడ మడుగు చూడలేదు. చుట్టు తిరిగి పోదామంటే నిలువు రాళ్ళు, మేకలే జారతాయి. ఎలాగో ఆ రాళ్ళెక్కి దిగి పద్మ బిందెలతో మోసుకొచ్చింది. అవి గుడారానికి చేరేసరికి చల్లబడ్డాయి. అబీ-లే ఆ నీళ్ళ వంక చూసి, "ఇవి చచ్చిన నీళ్ళు" అందట.

"నాలుగు రోజుల్లో గుడారం ఎత్తేస్తాం" అంది పద్మ, నా గిన్నెలో టీ పోస్తూ. "వచ్చే ఏడు ఈ లోయకి రాగలనో లేదోనని ఆవిడ రోజూ అంటోంది. మీ పటంలో దారి దొరుకుతుందా?"

నేను అప్పన్న వంక చూశాను. "సూద్దాం వదినా. ఉంటే దొరుకుద్ది" అన్నాడు. నాకు సూద్దాం చాల్లేదు. "దొరుకుతుంది!" అని నా సినిమా హిందీలో గట్టిగా మాటిచ్చేశాను. నా నోరు అలాంటిది.

తెల్లనేల

పొద్దున్నే పని మొదలు. అప్పన్న చేతిలో పొడవాటి ఇనుప ఊచ, మెడలో జీపీఎస్ యంత్రం, జేబులో వేడి కొలిచే గొట్టం. ఒక్కో ఊట దగ్గర ఆగి ఎక్కడుందో, ఎంత వేడో కేకేస్తాడు. నేను గట్టున బల్ల వేసుకుని మా ఫ్యాక్టరీ గోధుమరంగు కాగితం మీద చుక్క పెడతాను, గుడ్డ మీదికి ఎక్కించడం తర్వాత. మరుగుతున్నది ఎర్ర చుక్క, గోరువెచ్చది నారింజ, చల్లది నీలం. యాంగోన్ అలవాటు కొద్దీ దిక్కుల్ని వారాలతోనే గుర్తుపెట్టుకున్నాను. మా పగోడాల చుట్టూ ఒక్కో మూల ఒక్కో వారం కదా, తూర్పు సోమవారం, పడమర గురువారం. "ఆ మరిగే గుంట శుక్రవారం మూలకుంది!" అని నేనంటే అప్పన్న తల పట్టుకునేవాడు. "ఉత్తరమని సెప్పు తల్లీ! మా ఊర్లో శుక్రవారమంటే సంత!"

మధ్యాహ్నం వాడు ఏటి అవతలికి పోయాడు. నన్ను బల్ల వదిలి కదలొద్దన్నాడు. నేను కదలకుండా కూర్చున్నాను, కాసేపు. ఆవిరి గట్టు వైపు చూస్తే రంగురంగుల జెండాలు కట్టి ఉన్నాయి. అది నీటి నాగులుండే చోటని పొద్దున పద్మ చెప్పింది. మనకీ నాగులే, బర్మా వాళ్ళకీ నాగులే! వెళ్ళి దణ్ణం పెట్టకపోతే ఎలా? పైగా గడ్డి ఉన్న చోట తడి, చిత్తడి. దాని పక్కనే తెల్లగా, పొడిగా, తిన్నగా ఒక బాట జెండాల దాకా పోతోంది. ఇన్ని చదువులు చదివిన అప్పన్న కళ్ళకి ఇది ఎలా ఆనలేదబ్బా అనుకున్నాను. దారి దొరికేసిందని నా గుండె ఎగిరింది.

ట్వంటే పొలాల్లో నడిచిన ఎవరైనా నాలాగే అనుకుంటారు. నల్లగా, పచ్చగా ఉంటే దిగబడతావు, తెల్లగా ఎండితే గట్టినేల. ఆ లెక్కతోనే నలభై ఏళ్ళు ఎక్కడా దిగబడకుండా బతికాను. ఇంకో ఘనకార్యం కూడా చేశాను. పగోడాలోకి చెప్పులతో పోవడం మా ఊళ్ళో ఎవరూ చెయ్యరు. జెండాలు కనపడగానే, ఆ చలిలో, బూట్లూ మేజోళ్ళూ విప్పి ఒడ్డున వరసగా పెట్టాను.

వెనకనుంచి పద్మ అరుస్తోంది. మందలో మేకని పిలుస్తోందనుకుని చెయ్యి ఊపాను.

నాలుగో అడుగుకి నేల అప్పడంలా విరిగింది. కుడికాలు చీలమండ దాకా దిగిపోయింది. తెల్లటి పొరకింద మరిగే బురద! నేను అరిచిన అరుపు ఏటి అవతల అప్పన్నకే కాదు, అడవిగాడిదలకీ వినిపించింది. ఎలా వెనక్కి పడ్డానో తెలీదు, పద్మ జబ్బ పట్టి ఈడ్చి ఏటి చన్నీళ్ళలో నా కాలు పెట్టేసింది. ఎంత సేపు ఏడ్చానో సిగ్గు లేకుండా చెప్తున్నాను, చాలాసేపు ఏడ్చాను.

అప్పన్న పరిగెత్తుకుంటూ వచ్చి ముందు కాలు చూశాడు, బతికిపోయానని తేలాక తిట్టాడు. "మతుండాలేటి వదినా! తెల్లదంతా ఉప్పూ వెలిగారమూనూ, కింద ఏటీ ఉండదు. గడ్డున్న కాడే నేల గట్టి. సిన్నపిల్లవేటి నువ్వు?"

"ముందే చెప్పొచ్చు కదరా!"

"బల్ల కాడ కూకోమన్నాను, మరింకేటి సెప్పాల?"

అంటూనే వాడు తన మఫ్లర్ విప్పి నా మెడకి చుట్టాడు. దగ్గర్లోని మేకల కాపరుల పిల్లల బడిలో ఉండే నర్సమ్మ వచ్చి మందు రాసి కట్టు కట్టింది. చర్మం పైపైనే కాలిందని, నీళ్ళు తగలనివ్వొద్దని చెప్పింది. అంటే వేడినీళ్ళ కోసం యాంగోన్ నుంచి వచ్చిన దానికి స్నానం లేదు! ఇది విని అబీ-లే ఏదో అంది. పద్మ నవ్వు ఆపుకుంటూ చెప్పింది: "చెప్పులు విప్పి మర్యాద చూపింది కాబట్టే నాగు కాలు వదిలేసిందట."

"బూట్లుంటే అసలు కాలేదే కాదు!" అని అప్పన్న మళ్ళీ మొదలెట్టాడు.

రెండు కుట్ల మధ్య

మర్నాడంతా గుడారంలో కాలు చాపుకుని కూర్చోవడమే. నాకు మొన్నటి మాట మీద దిగులు. దొరుకుతుందని గొప్పగా చెప్పింది నేను, కుంటుకుంటూ పొయ్యి దగ్గర కూర్చుందీ నేనే. అబీ-లే నా ఎదురుగా ఉన్ని వడుకుతోంది. మా టీ ఆకుల డబ్బా తీసి కలిపి పెట్టాను. ఆవిడ ఒక పిడికెడు నోట్లో వేసుకుని, కళ్ళు పెద్దవి చేసి, డబ్బా తన వైపు లాక్కుంది. అన్నం మాత్రం అక్కడ సగమే ఉడుకుతుంది, ఎత్తులో నీళ్ళు పూర్తిగా వేడెక్కకుండానే మరిగిపోతాయట. కుక్కరు లేకపోతే మా ఇద్దరు తెలుగువాళ్ళ గతి అధోగతి.

అప్పన్న బయటనుంచి కొత్త కొలతలు తెచ్చి పోస్తుంటే చుక్కలు పెడుతూనే ఉన్నాను. ఊరికే ఉండలేక ఎర్ర చుక్కల్ని కలిపి చూశాను. చేతికి అలవాటైన పనే కదా. మొదట వంకరటింకర అనుకున్నవి ఒక గీత మీదికి వచ్చాయి. ఇంకాస్త అవతల ఇంకో గీత.

"అప్పన్నా, ఇవి వరసలో ఉన్నాయేంటిరా?"

వాడు కాగితం మీదికి వంగాడు. "ఉండవేటి మరి? భూమికి పగులుంది కింద. ఆ పగులెంట నీళ్ళు పైకొస్తాయి. అయితే నాను ఒకటే పగులనుకున్నాను..." అని ఆగిపోయాడు.

రెండు పగుళ్ళు. రెండు కుట్లు! మధ్యలో నారింజ లేదు, ఎరుపు లేదు, అన్నీ నీలం చుక్కలే. చొక్కా పక్కకుట్టుకీ అంచుకీ మధ్య మేం వదిలే గుడ్డలా, సన్నటి చల్లటి పట్టీ ఒకటి గుడారం దగ్గర మొదలై, ఆవిరి గట్టు పక్కగా వంగి, పైగుంట దాకా పోతోంది. దాని మీద అంతటా గడ్డి అని అప్పన్న లెక్కల్లోనే ఉంది. ఒక్క చోట మాత్రం పది అడుగుల మేర కొలతే లేదు. ఆ జాగా ఖాళీగా ఉంది.

"అక్కడేముంది?" అన్నాను.

"ఆవిరి. ఏటీ కనపళ్ళేదు, వదిలీసాను."

పద్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ ఖాళీ మీద వేలు పెట్టి, పొద్దున్నే గాలి పడమర నుంచి వీచినప్పుడు అక్కడ ఆవిరి తొలగుతుందని, అప్పుడు ఊచతో పొడిచి చూడొచ్చని చెప్పింది. ఎల్లుండి పొద్దున్నే గుడారం ఎత్తాలి. అంటే రేపొక్కటే మిగిలింది.

పైగుంట

తెల్లారగానే గాలి వచ్చింది. నేను గట్టున రాయి మీద కూర్చుని, కాగితం ఒళ్ళో పరుచుకుని కేకలేస్తున్నాను: "ఇంకొంచెం గురువారం వైపు! కాదు కాదు, పడమరకి!" అప్పన్న నేలని పొడుస్తూ అడుగు తర్వాత అడుగు వేస్తున్నాడు. ఖాళీ జాగాకి వచ్చాడు. పొడిచాడు. ఊచ దిగలేదు. ఇంకోసారి బలంగా పొడిచాడు. ఠంగుమంది. రాయి! "గట్టిగుంది వదినోయ్!" అని అరిచాడు. ఆ అరుపుకి ఆయాసం వచ్చి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. పద్మ అతని వెనకే నడుస్తూ రెండు పక్కలా రాళ్ళు పేర్చింది.

అబీ-లేని మోద్దామని అప్పన్న ప్లాన్. గుడారపు కర్రలకి కంబళి కట్టి, "మా ఏజెన్సీ కొండల్లో డోలీ కట్టినట్టు" అని చాలా ముచ్చటగా తయారుచేశాడు. ఆవిడ దాన్ని చూసి మొహం చిట్లించింది. ఆవిడ అన్నదాన్ని పద్మ మాకు చెప్పింది: "చచ్చాక ఎలాగూ మోస్తారు, ఇవాళ నేను నడుస్తాను."

నడిచింది. ఒక చెయ్యి పద్మ భుజం మీద, ఒక చెయ్యి అప్పన్న ఊచ మీద. పది అడుగులు, కూర్చోవడం. ఇంకో పది అడుగులు, కూర్చోవడం. వెనకాల నేను కర్ర పోటేసుకుంటూ కుంటుతూ వచ్చాను. రెండు పక్కలా తెల్లనేల బుసలు కొడుతోంది. గాలి తిరిగి ఆవిరి కమ్మితే మా పని అయిపోయినట్టే. ఏ కాలు ఎక్కడ పడుతోందో కళ్ళార్పకుండా చూస్తున్నాను. గీత గీసింది నేను కదా! చొక్కా తప్పు గీస్తే గుడ్డ పోతుంది. ఇక్కడ ముసలి ప్రాణం పోతుంది. ఖాళీ జాగా దగ్గర అబీ-లే ఆగి వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను తలూపాను. ఆవిడ కాలు వేసింది. నేల కదల్లేదు.

మడుగు చిన్నదే. చుట్టూ పచ్చటి నాచు, అడుగున ఇసక, పైన పలచగా ఆవిరి. పద్మ పట్టుకుంటే అబీ-లే ఉన్ని అంగీతోనే దిగింది. మోకాళ్ళు, నడుము, భుజాలు, మెడ. ఆ తర్వాత ఒక శబ్దం చేసింది. ఏ భాషా కాదది. చలికాలం పొద్దున మొదటి గుక్క టీ తాగినప్పుడు ఎవరైనా చేస్తారు. పద్మ ఒడ్డున కూర్చుని మొహం దాచుకుని ఏడ్చేసింది. నేను మొహం దాచుకోకుండానే ఏడ్చాను.

అబీ-లే కళ్ళు తెరిచి నా కట్టు వంక చూసింది. ఇటు రమ్మని సైగ చేసింది. దగ్గరికి జరిగితే నా ఎడమకాలు పట్టుకుని, బూటు లాగి, మేజోడు లాగి, ఆ కాలొక్కటీ నీళ్ళలో పెట్టింది. అబ్బా! అరికాలి నుంచి నడినెత్తి దాకా హాయి. కుడికాలు గాల్లో, ఎడమకాలు స్వర్గంలో.

ఇక చాలు, లేవమని పద్మ రెండుసార్లు చెప్పింది. అబీ-లే వినిపించుకోలేదు. అప్పన్న ఒడ్డున కూలబడి, నా కాగితం మీద ఆ సన్నటి పట్టీని వేలితో తడుముతున్నాడు.

"వదినా, ఒక మాట సెప్తే బాదపడవు కదా" అన్నాడు. "ఈ చలికాలంలో నేల మల్లీ కదుల్తాది. ఊటలు జరిగిపోతాయి. వచ్చే ఏటికి ఈ దారి ఉండదు. ఇంత కష్టపడి గీసినావు, ఈ పటం పారెయ్యాల్సిందే."

నేను మడుగులోకి చూశాను. అబీ-లే నీళ్ళ కింద మోకాలు ముడుస్తోంది, చాపుతోంది, మళ్ళీ ముడుస్తోంది. తనలో తనే నవ్వుకుంటూ.

"పారేసుకోరా" అన్నాను. "దాని పని అది సేసీసింది."